అందరి చీటీల మీదా వెన్నెల పేరే

తప్పులుంటే క్షమించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది.

ఆ రోజు వెన్నెలకి ఏడుపొక్కటే తక్కువ. కాఫీ పళ్లు కోసిన రోజే తోలు తీయాలి, ఆలస్యమైతే పులిసిపోతాయి. అరకు కొండల్లో మహిళా సంఘం మిషను షెడ్డు ముందు పదకొండు బస్తాలు దిగాయి. ఎవరి తోట పళ్లు వాళ్ల పేరుతో విడిగా ఆరాలి కాబట్టి బస్తాకో చీటీ. ఆ చీటీల ప్రోగ్రాం వెన్నెలే రాసింది. కంప్యూటర్ తెర మీది గడిలో పేరు కొట్టి బటన్ నొక్కితే, ఆ పేరు లోపల చీటీ తయారుచేసే ఫంక్షన్‌కి చేరి, ప్రింటర్లోంచి చీటీగా రావాలి. ఈ పూట పని సవ్యంగా సాగితేనే ఉద్యోగం అని సంఘం అధ్యక్షురాలు రత్నాలు ముందే చెప్పింది.

మొదటి బస్తా తెచ్చిన రైతు బుధు పేరు వెన్నెల కొట్టింది. వచ్చిన చీటీని చూడకుండానే బస్తాలో వేసి మూతి కట్టింది. అలా నాలుగు అయ్యాయి. ఐదో బస్తా దగ్గర, వయోజన బడిలో కొత్తగా చదువు నేర్చిన సోములమ్మ చీటీ లాక్కుని కూడబలుక్కుంది.

“వె... న్నె... ల. ఏటే గుంటా, నా పళ్లు నీ పేరున రాసేసుకున్నావేటి?”

“లేదు పిన్నీ, నీ పేరే కొట్టాను, సూడు!”

తెర మీద సోములమ్మ అనే ఉంది. మళ్లీ నొక్కింది. వెన్నెల. ఇంకా గట్టిగా నొక్కింది. వెన్నెల.

కట్టిన బస్తాలు విప్పారు. నాలుగింట్లోనూ అదే పేరు.

“తోట లేనోళ్లకి కూడా బస్తాలు పండుతున్నాయి మరి,” అన్నాడు బుధు. “సదూకున్న గుంట కదా!”

రత్నాలు నవ్వలేదు. “మిషను ఆగదు. ఏటి సేత్తావో బేగి సెయ్యి, లేపోతే లెగు.”

వెన్నెల తెర ముందుకు జరిగింది. ఇంట్లో యాభైసార్లు నొక్కి చూసింది, ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది. కానీ అక్కడ కొట్టింది తన పేరే. నమూనాకి గడిలో ముందుగా పెట్టిందీ తన పేరే. ఆ నమూనా తీసేసి, ప్రోగ్రాం మళ్లీ తెరిచి, సోములమ్మ అని కొట్టి నొక్కింది. ఖాళీ చీటీ వచ్చింది.

“ఇప్పుడు ఎవుల్దీ కాదు,” అంది సోములమ్మ. “ఏ అడివిపందిదో!”

ఆ ఖాళీ కాగితం చూసేసరికి విషయం అర్థమై వెన్నెలకి తన మీద తనకే ఒళ్లు మండింది. తెర తెరుచుకున్న క్షణంలోనే ప్రోగ్రాం గడిని చదివేసి దాచుకుంటోంది. తర్వాత ఎవరి పేరు కొట్టినా, బటన్ ఆ దాచిందాన్నే ఫంక్షన్‌కి ఇస్తోంది. గడిని చదివే కోడు వరుసను అక్కణ్నుంచి తీసి, బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్ లోపల పెట్టింది. ఒక్క వరుస! దానికోసం దొంగ అనిపించుకుంది.

మళ్లీ చీటీ వచ్చింది. వెన్నెల ముట్టుకోలేదు. సోములమ్మే తీసుకుని, వేలు పెట్టి మూడుసార్లు చదివి, బస్తాలో వేసింది.

“నా పేరే ఒచ్చింది,” అంది.

“అయితే మిగతావీ కొట్టు,” అంది రత్నాలు. “పెతి సీటీ సోములమ్మ సదివాకే బస్తా కట్టాల. రేపు కూడా అంతే. బేగి రా.”

రేపు రమ్మన్నారన్న మాట చెవిన పడినా, చివరి బస్తా కట్టేదాకా వెన్నెల ఒక్క చీటీనీ తన చేత్తో ముట్టుకోలేదు.

పాంగి దేముడమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది సాలూరు.