ఎలుగుబంటికి రెండు మార్కులు

ఏటా నవంబరు మొదటి సోమవారం ద్రెనోవ్ దోల్ బడి వంటమనిషి స్తామెన పిన్ని గంపెడు డ్యూల్య కాయలు మోసుకొచ్చి, నాలుగో నంబరు గదిలో బల్లకొకటి చొప్పున పెట్టి పోతుంది. ఆపిల్‌కి దూరపు చుట్టాల్లా ఉంటాయవి. పచ్చిగా కొరికితే నాలుక పట్టేస్తుంది. ఊళ్లో అందరి ఇళ్లలోనూ అల్మరాల మీద వాటంతటవే పసుపెక్కుతాయి. నాలుగో గదిలో మాత్రం, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి ఏదైనా నిజంగా బుర్రకెక్కితేనే కాయ పండవుతుంది. పండినవాటిని పిన్ని పంచదార పాకంలో ఉడికించి పిల్లలకి పెడుతుంది.

"పోయినేడు నాలుగే పండాయి," అంది పిన్ని ఈసారి గుమ్మంలో నిలబడి. "నాలుగు పండ్లు ఎంతమందికని పంచను? కాస్త బుర్ర పెట్టండర్రా, మీకు పుణ్యముంటుంది!"

అది కంప్యూటర్ల గది. వీహ్ర మేడమ్ అక్కడ ఏడో తరగతికి పాఠాలు చెప్తుంది. ఈ ఏడు పిల్లలు సొంతంగా ఒక ఆట తయారుచెయ్యాలి, ఆడుతూ ఆడుతూ ఏదో ఒకటి నేర్చుకునే ఆట. అంతకుముందు ఇతరులు చేసినవి మూడు ఆడి చూసి, మంచిచెడ్డలు తేల్చి మార్కులు వెయ్యాలి. మా బళ్లలో ఆరంటే బ్రహ్మాండం, రెండంటే తప్పినట్టే.

"ఇన్నాళ్లూ మీకు నేను వేశాను, ఇప్పుడు మీరు వెయ్యండి," అంది మేడమ్ కాగితాలు పంచుతూ. "ఊరికే బాగుంది, బాలేదు అని రాస్తే ఒప్పుకోను. మనం తప్పు చేస్తే ఎందుకు తప్పో ఆట చెప్పిందా? ఏమీ నేర్చుకోకుండానే గెలిచేయొచ్చా? అది చూడండి."

కిటికీ పక్క బల్ల జోర్నిత్సది. అమ్మానాన్నలు పరాయి దేశంలో, వలెన్సియా నారింజ తోటల్లో పనిచేస్తారు. అక్కడే పుట్టి పెరిగి, మొన్న సెప్టెంబరులో అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. పేరు మాదే, మొహం మాదే, భాషా మాదే. కాస్త యాస ఉంది. దానికి ఎవరైనా నవ్వుతారని నోరు విప్పదు, ఏం అడిగినా తలే ఆడిస్తుంది. "అర్థమైందా?" అంటే పైకీ కిందికీ ఊపుతుంది. మా దగ్గర అలా ఊపితే కాలేదని. అవునంటే అడ్డంగా ఊపుతాం. దాంతో టీచర్లు పాపం మళ్లీ మొదటినుంచీ చెప్పేవాళ్లు, ఆ పిల్ల మళ్లీ అలాగే ఊపేది. మా అక్షరాలు రాయడం నెమ్మది కాబట్టి పరీక్ష కాగితం సగం ఖాళీగానే ఉండేది. భోజనాల దగ్గర స్తామెన పిన్ని గరిటె ఎత్తి "ఇంకొంచెం వెయ్యనా?" అన్నా అదే ఊపు. పిన్ని "చాలా? సరే," అని ఆ సూపు వెనకున్న తోటి పిల్లాడు వెలిజార్ గిన్నెలో పోసేది. జోర్నిత్స సగం గిన్నెతో వెళ్లి కూర్చునేది.

"శుక్రవారం ఆ పిల్లని ఆరో తరగతికి దింపేద్దాం," అన్నాడు లెక్కలు చెప్పే హెడ్మాస్టరు త్స్వేత్కోవ్, వరండాలో వీహ్ర మేడమ్‌తో. "ఏమీ ఎక్కట్లేదు. దానికీ నయం, మనకీ నయం."

తలుపు పక్కనే ఉన్న జోర్నిత్స ఆ మాట వింది. మార్చిలో అమ్మ సెలవు మీద వస్తుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో ఆ పిల్లకి తోచలేదు.

సోమవారం మొదటి ఆట, కార్ల పందెం. భిన్నాలు నేర్పుతుందట.

"మేడమ్! కళ్లు మూసుకుని మీటలు కొట్టి గెలిచేశా!" అని అరిచాడు వెలిజార్.

"నీ కాయ సంగతేంటి?"

వాడు కాయని బల్లకేసి తట్టి చూశాడు. "రాయిలా ఉంది మేడమ్."

అందరూ మూడు వేశారు. మంగళవారం నదుల ఆట. బొమ్మలు బాగున్నాయి గానీ, అందులో ముసలాయన ఒకటే ఉపన్యాసం. రెండు కాయలు మాత్రం ఒక చెంప పసుపెక్కాయి. నాలుగు వేశారు.

బుధవారం ఎలుగుబంటి ఆట. ఎలుగు మా భాషలో చెప్పే కొలతలు లెక్కగట్టి చెక్కలతో వంతెన కట్టాలి. ఎలుగు దాన్ని తట్టి చూసి తల ఊపుతుంది. అప్పుడు మనం దాటించాలా, విప్పి మళ్లీ కట్టాలా తేల్చుకోవాలి. అరగంట తిరక్కుండానే గది గోలగోలైంది.

"అబద్ధాలకోరు ఎలుగు మేడమ్ ఇది!" వెలిజార్ కుర్చీలోంచి లేచాడు. "లెక్క సరిగ్గా చేసి కడితే వద్దంటుంది. పోనీ కదా అని విప్పేశాం. ఇంకోలా కడితే సరే అంది, తీరా దాటిస్తే నీళ్లలో పడింది. తొమ్మిదిసార్లు మునిగింది!"

ఒక్కరు తప్ప తరగతంతా రెండు వేసింది. కాగితాలు తీసుకుంటున్న మేడమ్‌కి ఏదో తియ్యటి వాసన తగిలింది. తిరిగి చూస్తే కిటికీ పక్కన కాయ నిండా పండి ఉంది. జోర్నిత్స తెర మీద ఎలుగుబంటి పద్నాలుగు వంతెనలూ దాటి అవతలి గట్టున తేనె తింటోంది.

"ఎలా దాటించావమ్మా?"

జోర్నిత్స ఇటూ అటూ చూసింది. పండు మీద చెయ్యి వేసింది. తర్వాత నెమ్మదిగా, ఆ యాసతోనే అంది: "అవునని ఊపింది కదా మేడమ్. ఇట్లా." పైకీ కిందికీ ఊపి చూపించింది.

"అది కాదని కదా!" అన్నాడు వెలిజార్.

మేడమ్ పక్క కుర్చీలో కూలబడింది. "మన భాష మాట్లాడుతోంది గదా అని మన ఎలుగే అనుకున్నాం," అంది. "ఆట చేసింది బయటి దేశం వాళ్లు. గొంతు ఇక్కడ పెట్టారు, మెడ మాత్రం అక్కడిదే." ఆ మాట అంటూనే జోర్నిత్స మెడ వంక చూసింది. "అమ్మాయ్, సెప్టెంబరు నుంచీ అర్థమైందా అని నేనడిగినప్పుడల్లా నువ్వు..."

"అర్థమైంది మేడమ్. ప్రతిసారీ."

"అవతల దేశంలో అట్లా ఊపుతారని నాకు తెలుసే తల్లీ. నీ విషయంలో ఆ ఆలోచనే రాలేదు. నన్ను క్షమించు."

వెలిజార్ మొహం మాడిపోయింది. "అయితే రెండు నెలలుగా నీ సూపు నేను తాగుతున్నానా?"

జోర్నిత్స పైకీ కిందికీ ఊపింది. గదంతా ఘొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వింది. పిల్లలు ఎలుగుబంటికి వేసిన రెండు కొట్టేసి ఐదు వేసి, మెడ ఒక్కటే తప్పు అని రాశారు. బల్లల మీద కాయలు ఒకటొకటిగా పసుపెక్కసాగాయి.

శుక్రవారం హెడ్మాస్టరు జోర్నిత్సని ఆరో తరగతికి దింపే కాగితం పట్టుకుని నాలుగో గదికే వచ్చాడు. ఆఖరి బల్ల దగ్గర, ఎవరూ కూర్చోని చోట, పచ్చికాయ ముందు కూర్చున్నాడు. మేడమ్ జరిగిందంతా చెప్పింది. పిల్లలు తమ ఆటలో మొదటి బొమ్మ చూపించారు. అందులో ఎలుగు అడుగుతుంది: "మీ ఇంట్లో అవునంటే తల ఎలా ఊపుతారు? చూపించండి, నేనూ అలాగే ఊపుతా."

"ముప్పై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను మేడమ్. తల ఊపడాలు నాకు నేర్పకండి," అన్నాడాయన. జోర్నిత్స వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు ఈ తరగతిలోనే ఉండాలనుందా?"

భయంతో జోర్నిత్స నోరు మళ్లీ మూతబడింది. మెడ మాత్రం తనకి తెలిసినట్టు పైకీ కిందికీ కదిలింది.

హెడ్మాస్టరు వద్దంటోందని రాయబోయాడు. కలం కాగితం మీద ఆగిపోయింది. తలెత్తి ఆ పిల్లని చూశాడు. ఈసారి మెడని కాదు, కళ్లని చూశాడు.

"అంటే... ఉంటాననే కదూ?" అన్నాడు.

ఆయన ముందున్న కాయ తొడిమ దగ్గర పసుపెక్కి, ఆ పసుపు మెల్లగా కిందిదాకా దిగింది. వాసన గదంతా పరుచుకుంది.

"నా ముందు ఒకటి పండి ఇరవై మూడేళ్లయింది," అన్నాడు హెడ్మాస్టరు. కాగితం మడిచి చింపేశాడు. "నీ చలవేనమ్మా. సోమవారం లెక్కల క్లాసులో ముందు బల్ల మీద కూర్చో."

ఆ మధ్యాహ్నం చిక్కుడు గింజల సూపు తర్వాత స్తామెన పిన్ని పాకంలో ఉడికించిన పండు ముక్కలు తెచ్చింది. ఈ వారంలోనే పంతొమ్మిది పండాయని వంటింట్లో ఒకటే సంబరం. వరసలో జోర్నిత్స రాగానే గరిటె ఎత్తి అలవాటు ప్రకారం అడిగింది.

"ఇంకొంచెం వెయ్యనా?"

జోర్నిత్స పైకీ కిందికీ ఊపింది. ఆ ఊపు సంగతి పిల్లలు ముందే చెప్పారు గనక పిన్ని గిన్నె నిండా వేసింది, పొర్లిపోతుంటే ఇంకో గిన్నె తీసి అందులోనూ వేసింది.

"థాంక్స్ పిన్నీ," అంది జోర్నిత్స, అందరికీ వినబడేలా, వలెన్సియా యాసతో.

"ఏంటే థాంక్సు, రెండు నెలలు నిన్ను అర్ధాకలితో పంపించాను," అని పిన్ని కళ్లు తుడుచుకుని, వెనకున్న వెలిజార్ వైపు గరిటె తిప్పింది. వాడు రెండు చేతులతో గిన్నె ముందుకు చాచి, పైకీ కిందికీ గట్టిగా తల ఊపుతున్నాడు.