సిమెంటు కాలువలో కప్పలు

సయ్యోరా మా ఇంట్లో అద్దెకు దిగి కప్పల బకెట్లు దించిన రోజే నాకు ఆమె మీద అనుమానం పట్టుకుంది. తాష్కెంట్‌లో అంత చదువు చదివిన మనిషి మా ఖోరెజ్మ్ కాలువల వెంట రబ్బరు బూట్లేసుకుని కప్పలు పట్టడమేమిటి? వాటి పొట్టలు కోసి లోపలి పురుగుల్ని చూస్తుందట. చెప్పేవాళ్లకు సిగ్గు లేకపోయినా వినేవాళ్లకు ఉండాలి. మా ఆయన మీద నిఘాకి ఎవరో పంపారని నా మనసు గట్టిగా చెప్పింది.

అలా అనుకోవడానికి కారణం ఉంది. మా ఆయన మత్‌యోకుబ్ ఈ ఊరి మిరాబ్. కాలువ నీళ్లు ఎవరి వంతు ఎప్పుడో చూసి వదిలే పని. ఆ వేసవి మా పిల్లకాలువ చివరి ఖర్బూజా తోటలకు నీళ్లు అందడం లేదు. పై తూము దగ్గర నిండుగా బయలుదేరిన కాలువ కింది తోటలకు చేరేసరికి పాదం కూడా తడవనంతగా చిక్కిపోతోంది. "మిరాబ్ తన వాళ్లకు మళ్లించుకుంటున్నాడు" అని ఊరంతా ఒకటే గుసగుస. శుక్రవారం నమాజు అయ్యాక పెద్దలు టీ దుకాణం దగ్గర కూర్చుంటారు. నీళ్లు ఎటు పోతున్నాయో ఆయన చెప్పలేకపోతే మిరాబ్ పదవికి గుర్తయిన పార అక్కడే దించి రావాలి. మా మామగారు, ఆయన తండ్రి మోసిన పార అది.

మా ఆయనకు తిండి సయించడం లేదు. నాకేమో దారిన పోయే ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తున్నాడు. ఇక ఇంట్లో తిష్ట వేసిన కప్పలమ్మను వదులుతానా?

ఆ మంగళవారం నేను తందూరులో రొట్టెలు వేస్తుంటే వసారాలోంచి సయ్యోరా గొంతు ఖంగుమంది.

"జులైఖా అక్కా, నా బకెట్లు ఎవరైనా కదిపారా?"

"కదిపి ఏం చేసుకుంటాం, పులావ్‌లో వేసుకుంటామా?"

"తమాషాలొద్దక్కా. ఇది మీ పిల్లకాలువ కప్పల బకెట్. సిమెంటు కాలువ కప్పల ఊపిరితిత్తుల్లో ఈ పురుగులు ఉండకూడదు. చెరువు కప్పల్ని ఎవరో ఇందులో కలిపారు."

"ఎవరో అంటే నేనేగా! నా ఇంట్లో తింటూ నన్నే దొంగను చేస్తావా? నీ బుద్ధి నీ కప్పల కంటే జారుడు!"

ఆమె తగ్గలేదు. నన్ను లాక్కెళ్లి భూతద్దం కింద చూపించింది. కప్ప ఊపిరితిత్తిలో ఎర్రగా, చదునుగా జలగ పిల్లల్లాంటివి కదులుతున్నాయి.

"ఈ పురుగు గుడ్డు తిన్నగా కప్పలోకి పోదక్కా. ముందు నత్తలో పెరగాలి. అక్కణ్నుంచి తూనీగ పిల్లలోకి పోవాలి. రెక్కలొచ్చాక ఆ తూనీగని కప్ప మింగాలి. నత్తకేమో నిలవ నీరు, నాచు కావాలి. మీ సిమెంటు కాలువలో పారే నీటికి నత్త ఎక్కడ నిలుస్తుంది?"

"అయితే అక్కడి కప్పలకు ఏ పురుగూ ఉండదా?"

"ఉంటుంది. తడి మట్టిలోంచి చర్మం గుండా దూరే సన్నవి వేరే ఉన్నాయి. ఇవి మాత్రం కాదు."

"సరే పద. ఇప్పుడే కొత్త కప్పల్ని పడదాం. బకెట్ నా చేతుల్లోనే ఉంటుంది. అప్పుడేమంటావో చూస్తా."

పట్టాం. ఆ జిగురు పిశాచాల్ని బకెట్‌లో నేనే మోసుకొచ్చాను, మూత మీంచి చెయ్యి తియ్యలేదు. కోసి చూస్తే మళ్లీ అవే ఎర్ర పురుగులు. సయ్యోరా ముఖం వాడిపోయింది.

"తప్పయిందక్కా. మీ కాలువ పక్కనే ఎక్కడో నిలవ నీళ్లున్నాయి. నత్తలు, తూనీగలు ఉండేంత నీళ్లు. ఈ ఎండలో కప్ప ఉప్పు పేరిన నేల దాటి దూరం నుంచి రాదు."

నా వెనక ఏదో చప్పుడైంది. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడు. పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజూ మర్నాడూ కాలువ వెంట ఏ పెరడూ వదల్లేదు. "మా కోళ్లగూట్లో కూడా దూరి చూడు, సముద్రం దాచాం!" అని ఒకావిడ చెయ్యి తిప్పుతూ తిట్టింది. ఎక్కడా ఏమీ లేదు. ఒక్క గోడ మాత్రం ఆయన దాటలేదు. అది వాళ్ల చనిపోయిన అన్నగారి ఇల్లు. మా తోడికోడలు ఓనాబీబీ అక్క ఒక్కతే ఉంటుంది. మగదిక్కు లేని ఇంటి గోడ దాటి మగవాడు లోపలికి అడుగు పెట్టడు మా వైపు. సొంత మరిదైనా బయట నిలబడి దగ్గి, క్షేమం అడిగి వచ్చేయాల్సిందే.

"అక్కడ చూశారా?" అని అడిగాను.

"నోరు మూసుకో. ఆవిడ మా అన్న భార్య."

నేను మూసుకునే రకం కాదు. గురువారం పొద్దున్నే వేడి రొట్టెలు గుడ్డలో కట్టుకుని వెళ్లాను. అక్క ఎప్పటిలాగే తలుపు సందులోంచి చెయ్యి చాపింది. నేను భుజంతో తలుపు తోసుకుని పెరట్లోకి నడిచాను.

నాచు పట్టిన నీళ్లతో గుంట. చుట్టూ రెల్లు, రెల్లు మీద తూనీగలు. నీళ్ల వెంట పచ్చగా నిగనిగలాడుతూ మా బావగారు నాటిన ఆప్రికాట్ చెట్లు. కాలువ వైపు గోడ అడుగున, బయటికి కనబడకుండా నీళ్లు లాగుతున్న తొడ లావు ఇనప గొట్టం.

"అక్కా! ఎంత పని చేశావు! రేపు ఆయన పరువు పోతోంది తెలుసా?"

ఓనాబీబీ అక్క ఏడవలేదు, దాచుకోలేదు.

"కూర్చో. నీ మొగుడు మిరాబ్ అయ్యాక నా వంతు ఎక్కడ పెట్టాడో అడిగావా ఎప్పుడైనా? అందరికంటే ఆఖర్న. సొంతవాళ్లకు ముందిచ్చాడని ఎవరైనా అంటారేమోనని. ఆ ఆఖరి వంతు నా గోడ దాకా ఏనాడూ రాలేదు. రెండు వేసవులు చెట్లు ఎండిపోతుంటే గుమ్మంలో నిలబడి అడిగాను. 'ఓపిక పట్టు వదినా' అన్నాడు. చెట్లకు ఓపిక ఉంటుందా?"

ఊళ్లో అందర్నీ అనుమానించాను కానీ, మా ఆయన మంచితనాన్ని ఎన్నడూ అనుమానించలేదు.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన పార కొనను నేలకేసి గీస్తూ కూర్చున్నాడు.

శుక్రవారం నేను టీ దుకాణం గోడ అవతల నిలబడి విన్నాను. "నీళ్లు మా ఇంట్లోనే ఉన్నాయి. ఇక అడక్కండి" అన్నాడాయన. వదిన పేరు ఎత్తలేదు, గొట్టం సంగతి ఎత్తలేదు. పార నేల మీద దించిన చప్పుడైంది. "మేం ముందే అనుకున్నాం" అని ఒకరి తర్వాత ఒకరు అనడం వినిపించింది. వాళ్ల గొంతుల్లోని తృప్తికి నా ఒళ్లు మండిపోయింది. ఎగిరి గోడ దూకి ఆ టీ కెటిల్ వాళ్ల నెత్తిన కుమ్మరించాలనిపించింది.

ఓనాబీబీ అక్కే గుమ్మంలో నిలబడి చెబితే, కొత్త మిరాబ్ ఆ సాయంత్రమే గొట్టం మూయించాడు. మర్నాడు వంతులు తిరగరాసి, ఓనాబీబీ అక్క తోటకు న్యాయంగా రావలసిన నీళ్లు మొట్టమొదటిసారి వదిలాడు. అతనికి ఆమె ఏమీ కాదు. అందుకే ఇవ్వగలిగాడు.