దయ్యం అన్న మాట

చెల్లెలు శాంభవి అత్తవారింటికి ఇందిరాదేవి విజయవాడ నుంచి కారు మాట్లాడుకుని వచ్చింది. చెల్లెలికి కాన్పయి ఇంకా నెల తిరగలేదు. కంటికి నిద్ర లేదు. ఉయ్యాల దగ్గర నిలబడి, ఇది నా బిడ్డ కాదు, ఎవరో మార్చేశారని గొణుగుతోందట. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే బెంజ్ సర్కిల్ దగ్గరి మానసిక వైద్యుడు ఒకటే చెప్పాడు: ఈరోజే తీసుకురండి, అందాకా బిడ్డను ఆమె చేతికి ఇవ్వకండి.

గదికి బయట గొళ్లెం. గుమ్మానికి వేపమండలు.

"దయ్యం పట్టినదాన్ని డాక్టరేం చేస్తాడు ఇందిరమ్మా?" అంది శాంభవి అత్తగారు మాణిక్యమ్మ, చేటలో బియ్యం ఏరుతూ. "సూదికి దిగుతుందా అది? రేపు భూతవైద్యుడొస్తున్నాడు. వేపబెత్తంతో నాలుగు తగిలిస్తే..."

"బాలింతని కొట్టిస్తారా అత్తయ్యగారూ?"

"దీన్నా కొట్టేది? లోపలున్నదాన్ని."

ఇందిరాదేవి కాలేజీలో తెలుగు చెబుతుంది. భయమేస్తే పాఠంలోకి దిగడం ఆమెకు అలవాటు. చెబుతున్నంతసేపూ తన భయం తనకు కనిపించదు.

"అసలు దయ్యమంటే ఏమిటనుకున్నారు? దైవం అన్న మాటే నోళ్లలో నలిగి దయ్యమైంది. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. ఒకప్పుడు మొక్కినదాన్నే చూసి తర్వాత జడుసుకున్నాం. మీరు కొట్టిస్తానంటున్నది ఎవర్నో ఆలోచించండి."

మాణిక్యమ్మ చేతులు ఆగిపోయాయి. చివరి బెంచీ కూడా నిశ్శబ్దమైనప్పుడు కలిగే తృప్తి ఇందిరాదేవిలో కదిలింది.

"బట్టలు సర్దమంటారా?"

మాణిక్యమ్మ చేట పక్కన పెట్టింది. లేచి గొళ్లెం తీసింది. శాంభవిని పీటమీద కూర్చోబెట్టి, పసుపునీళ్లతో కాళ్లు కడిగి, నుదుట ఇంత బొట్టు పెట్టింది. శాంభవి గోడనే చూస్తోంది.

"ఎంత తప్పు జరిగిపోయేది. అమ్మవారు ఇంటికొస్తే కారెక్కించి పంపుతామా?"

"నేనన్నది అది కాదండీ. మాట ఎలా పుట్టిందో చెప్పాను. ఇది జబ్బు."

"చదువుకున్నదానివి, నీ నోటితోనే అన్నావుగా."

అందాకా ప్రయాణానికి సిద్ధంగా ఉన్న శాంభవి భర్త చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఇరుగుపొరుగు కొబ్బరికాయలతో వస్తున్నారు. ఎవరో ఉయ్యాలలోంచి బిడ్డను తీశారు.

"ఒళ్లో పెట్టండి, దీవిస్తుంది."

"వద్దు," అంది ఇందిరాదేవి. ఆ మాట హారతి గంటలో ఎవరికీ వినబడలేదు. ముందుకు వెళ్లబోతే మాణిక్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

శాంభవి గోడమీంచి చూపు తిప్పింది. మెల్లగా తల వంచి, బిడ్డ మెడకేసి చూడసాగింది.