ఆమెన్ అనేలోపు పడ్డ కండువా

సలోమికి అన్నిటికన్నా పెద్ద భయం, పాపకు మళ్ళీ ఫిట్స్ వస్తే కేకేసినా పలికేవాళ్ళు ఉండరని. పోయినసారి జ్వరంతో బిడ్డ కళ్ళు తేలేస్తే ఎదురింటి కాంతమ్మ మోచేత్తో తలుపు తోసుకుని వచ్చింది. "మిరపకాయల తొడిమలు తీస్తున్నా, చేతులకి కారముంది అమ్మగారూ, నేను తాకను. పక్కకి తిప్పి పడుకోబెట్టండి" అని పక్కనే నిలబడింది, బిడ్డ తెప్పరిల్లేదాకా.

ఆ కాంతమ్మ ఇప్పుడు వీళ్ళ గుమ్మం తొక్కడం లేదు. అంతా కండువా వల్ల వచ్చింది.

సలోమి భర్త ప్రకాష్ పొదిలి దగ్గర ఒక పల్లెకు పాస్టరు. ఒక పార్టీవాళ్ళు సభకు పిలిచి ప్రార్థన చేయమన్నారు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఆమెన్ అని తెరిచేసరికి మెడలో వాళ్ళ కండువా ఉంది. తీసెయ్యడానికి మొహమాటపడ్డాడు. ఫోటో మాత్రం మొహమాటపడలేదు, పొద్దుగూకేలోపు ఊరందరి ఫోన్లలోకీ ఎక్కింది.

కాంతమ్మ కొడుకుది రెండో పార్టీ. "మందిరానికి పోయావో, ఆళ్ళని ఇంట్లోకి రానిచ్చావో, చూసుకో" అని తల్లికి చెప్పేశాడు. ఆదివారం మందిరంలో సగం చాపలు ఖాళీ.

"తీసి పక్కన పెడితే ఏం పోయేదండీ?" అంది సలోమి.

"పెద్దమనుషులు కప్పారు. మర్యాద కాదే."

"మర్యాదంట! ప్రార్థన చేసేవాడు కళ్ళు మూసుకుంటాడని తెలిసే కప్పారు. తెరిచాకైనా మీకు కనపడలేదా?"

"అధికారుల కోసం ప్రార్థించమని వాక్యంలో లేదా?"

"ప్రార్థించమంది. జెండా మొయ్యమందా?"

ప్రకాష్‌కు ఒళ్ళు మండింది. "మొన్న వానలో, పూడ్చే చోటు లేక శవాన్ని రోడ్డు పక్కన పెట్టుకుని కూర్చున్నాం. సమాధుల తోటకి స్థలం నేనడక్కపోతే ఎవరడుగుతారే?"

అదీ నిజమే. ఆ నిజమే సలోమికి మరీ విసుగు తెప్పించింది.

"అడగండి. సంఘాన్నంతా వెంటబెట్టుకెళ్ళి రెండు పార్టీలవాళ్ళనీ అడగండి. ఒక పార్టీవాడిగా తెచ్చిన తోటలోకి రెండో పార్టీవాడి శవం వస్తుందా?"

అతను పాపను ఎత్తుకుని వాకిట్లోకి పోయాడు.

నిన్నట్నుంచి కాంతమ్మ దగ్గుతోంది. కొడుకు మిరపకాయలేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళాడు. సలోమి జావ పట్టుకెళితే గొళ్ళెం తియ్యలేదు. "పొండి అమ్మగారూ, ఆడికి తెలిస్తే బతకనివ్వడు" అన్న గొంతొకటి వచ్చింది, సన్నగా.

మీరెవరైనా అటు వెళితే, మందిరానికి ఎదురుగా నీలం తలుపు కాంతమ్మది. జావగిన్నెతో సలోమి అక్కడే ఉంటుంది. గిన్నె అందుకుని తలుపు మీరు కొట్టండి. మీది ఏ పార్టీ అని కాంతమ్మ అడిగితే, దారినపోయేవాళ్ళమని చెప్పండి. ఎలా ఉందో చూసి రండి.