నరమున్న పన్ను

ఎనిమిదింటికల్లా ఆమె లిఫ్టుల రిపేరు ఆఫీసు తలుపు తీసి, బల్ల తుడిచి, స్టాంపు దగ్గర పెట్టుకుని కూర్చునేది. మెకానిక్కులు ఒక్కొక్కరే వచ్చి ఏ లిఫ్టుకి ఏం చేశారో నోటితో చెప్పాలి. నిజమైతే కార్డు మీద స్టాంపు పడేది. అబద్ధమైతే ఆమె కుడి దవడలో సగం విరిగి పిప్పి పట్టిన పన్ను సలిపేది. నాలుకకి నరం లేదు, ఎటైనా తిరుగుతుంది. పంటికుంది.

దాన్ని తప్పించుకోడానికి వాళ్ళు పడని పాట్లు లేవు. కాగితం మీద రాసిచ్చి జారుకునేవాళ్ళు. రాతకి పన్ను పలకదు మరి. "చదివి వినిపించన్నా" అనేది. వెంటనే దగ్గొచ్చేది, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన సంగతి గుర్తొచ్చేది. ఒక మహానుభావుడైతే గొంతు పోయిందని మూడు రోజులు సైగలు చేశాడు. లిఫ్టు తాడు నిజంగా మార్చడానికి పట్టేది ఒక పూటే.

ఈమధ్య అందరికీ ఆమె మీద జాలి పుట్టుకొచ్చింది. "ఎన్నాళ్ళమ్మా ఈ నరకం, పీకించేసుకో" అని ఆఫీసంతా ఒకటే పాట. పన్ను ఆమెది, బాధ వాళ్ళది.

అందరికన్నా ఎక్కువ బాధ బాబాయిది. ఆఫీసు ఆయనదే.

"నీ మంచికే చెబుతున్నా తల్లీ" అన్నాడు. ఆ మాటకి పన్ను ఎంత జివ్వుమందంటే ఆమె గోడ పట్టుకుంది. "చూశావా, ఎలా అయిపోతున్నావో."

ఆమెకీ విసుగొచ్చింది. ఏడాదిగా ఒక పక్కనే నములుతోంది. మిగతా జనం హాయిగా రెండు పక్కలా నములుతున్నారు, రెండు పక్కలా మాట్లాడుతున్నారు. తనొక్కత్తీ ఎవరి కోసం?

సరేనంది.

పళ్ళ డాక్టరు ఉండేది నాలుగో అంతస్తులో. మనసు మార్చుకుంటుందేమోనని బాబాయి వెంటొచ్చాడు. ఆ మేడ లిఫ్టు కూడా వాళ్ళ ఆఫీసు చూసేదే. కింద మెకానిక్ సంచి సర్దుకుంటున్నాడు.

"బ్రేకు ఇప్పుడే మార్చాను సార్, ఎక్కండి."

పన్ను పోటెత్తింది. ఆమె మెట్ల వైపు నడిచింది. రొప్పుతూ పైకి చేరేసరికి బాబాయి కాలు మీద కాలేసుకుని కూర్చునున్నాడు. "ఎవరు ముందొచ్చారు మరి?"

డాక్టరు చిన్న అద్దం పెట్టి చూశాడు. "నరం చంపేసి క్యాప్ వేస్తే పన్ను నిలుస్తుంది. లేదంటే పీకేస్తాను. ఏదైనా నొప్పే తెలీదు." చివరి మాటకి మళ్ళీ సలిపింది.

నరం చస్తే అదీ ఇంకో నాలుకే, అనుకుంది ఆమె.

"పీకెయ్యండి" అన్నాడు బాబాయి, తన పన్నయినట్టు.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పది నిమిషాలు ఆగమన్నారు. ఆ పది నిమిషాలూ కూర్చోలేక బాబాయి టీ తాగడానికి లిఫ్టులో కిందికి బయల్దేరాడు.

దవడ మొద్దుబారింది. "అస్సలు భయపడక్కర్లేదమ్మా" అంటోంది నర్సు. ఏమీ తెలియలేదు. నిజమో అబద్ధమో, అంతా మెత్తగా చెవిలో పడి కరిగిపోతోంది. ఓహో, వీళ్ళంతా బతికేది ఇలాగన్నమాట.

అప్పుడు దడేల్మని చప్పుడైంది.

ఆమె మెట్లు దిగి చూసింది. లిఫ్టు జారి మూడుకీ రెండుకీ మధ్య వేలాడుతోంది. ఊచల సందులోంచి బాబాయి బట్టతల కనిపిస్తోంది. మెకానిక్ పరిగెత్తుకొచ్చి ఏదో బిగించినట్టు చప్పుడు చేసి, "అయిపోయింది సార్. బటన్ నొక్కండి, మెల్లగా దిగిపోతుంది" అన్నాడు.

బాబాయి వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది.

"అమ్మాయ్, పీకించేశావా?"

"ఇంకా లేదు బాబాయ్." మత్తుకి ఆమె మాట ముద్దగా వస్తోంది.

"వీడి మాటకి నొప్పొచ్చిందా?"

"మందిచ్చారుగా. రెండు గంటల దాకా ఏమీ తెలీదు."

బాబాయి వేలు వెనక్కి తీసుకున్నాడు.

"అయితే కూర్చో. నొప్పొచ్చేదాకా కూర్చుందాం."

"నా మీద నమ్మకం లేదా సార్?"

"నోర్ముయ్యరా."

పైనుంచి డాక్టరు పిలిచాడు, టైమైంది రమ్మని. ఆమె నోరు తెరిచేలోపే బాబాయి లిఫ్టులోంచి గావుకేక పెట్టాడు. "మా అమ్మాయి పన్ను ముట్టుకున్నారంటే ఊరుకోను."

ఆమె మెట్టు మీద కూర్చుంది. పావుగంటకోసారి బాబాయి "మళ్ళీ చెప్పరా" అంటున్నాడు. మెకానిక్ బ్రేకు భేషుగ్గా ఉందని మళ్ళీ చెబుతున్నాడు. ఏడోసారో ఎనిమిదోసారో, దవడ లోపల ఎక్కడో చిన్నగా పోటు మొదలైంది.

"వద్దు బాబాయ్, నొక్కకు."

మెకానిక్ ఎవరి వైపూ చూడకుండా సంచి విప్పి, కాగితం కూడా ఊడని కొత్త బ్రేకు బయటికి తీశాడు.