దున్నగుట్టకు నాలుగు నక్షలు

ఆదివారం పొద్దున చాయ్ తాగగానే వినోద బడి మీది నీళ్ళట్యాంకు ఎక్కేది. ఇప్పలగూడలో ఫోన్‌కు సిగ్నల్ అందే జాగ అదొక్కటే. మిగతా ఊరికీ జైనూర్ టవర్‌కూ మధ్యన దున్నగుట్ట అడ్డంగా పండుకుని ఉంటుంది. ఒక చేత గొడుగు, ఒక చేత ఫోన్ పట్టుకుని, ట్యాంకు మూత మీద కూర్చుని, మధ్యాహ్నం బువ్వ వేళ దాకా ఆమె ఫైళ్ళకు పేర్లు పెట్టేది.

ఫైళ్ళు ఆమె సొంతవేం కావు. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు సర్కారు బళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లంతా కలిసి ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి లైబ్రరీ పెట్టుకున్నారు. ఎవరికి దొరికిన నక్ష, ఎవరికి దొరికిన శాసనం ఫోటో వాళ్ళు అందులో వేయాలి. కావలసినవాళ్ళు తీసుకుని పిల్లలకు చూపించాలి. ఆలోచన మంచిదే. కాకపోతే పిల్లల నోటుపుస్తకాల మీద పేరు లేకపోతే అగ్గి మీద గుగ్గిలమయ్యే టీచర్లు, తమ ఫైళ్ళకు మాత్రం "కొత్తది", "కొత్తది రెండు", "ఇదే చివరిది", "ఇదే నిజంగా చివరిది" అని పేర్లు పెట్టి చేతులు దులుపుకున్నారు. బాసర గుడి ఫోటోల మధ్యన ఎవరింటిదో తొట్లెల ఫంక్షన్ ఫోటో కూడా దొరికింది. తొట్లెలో పిల్ల బాగుందని వినోద దాన్ని తీసేయలేక రెండు రోజులు ఉంచింది.

ఈ గందరగోళాన్ని సర్దే పని ఇద్దరి నెత్తిన పడింది. ఒకరు ఇప్పలగూడ బడిలో చెప్పే వినోద, రెండోవాడు కరీంనగర్‌లో ఉండే రాజేశం సారు. రాజేశం వంటింట్లో పప్పుల డబ్బాలకు కూడా చీటీలు అతికించే మనిషి. లైబ్రరీకి ఆయన పెట్టిన రూలు ఒక్కటే. ఒక ఊరికి ఒక నక్ష, అదీ అన్నిటికన్నా కొత్తది. ఆ రూలు వెయ్యి ఊళ్ళకు సరిపోయింది గానీ ఇప్పలగూడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"వినోద మేడం, మీ ఊరియి నాలుగు నక్షలున్నయి," అన్నాడు ఆయన ఫోన్‌లో. "నాలుగిట్ల గుట్ట నాలుగు జాగల్ల ఉన్నది."

"నడిచింది సార్. నిజాం కాలంల వాగు అవుతల ఉండె. తర్వాత అడివి దిక్కు పోయింది, ఆడికెల్లి చేన్ల దిక్కు. మా ఇంటి ఓనరు గంగుబాయి కాపురానికి వచ్చిన ఏడు బడి ఎనకకు వచ్చి పండుకున్నదట."

"గుట్ట నడుస్తదని నాకు తెల్వదా మేడం? నడిచిపోయిన గుట్టకు పాత జాగతోని ఏం పని అంటున్న. పిలగాండ్లు పరేషానైతరు. కొత్తది ఉంచి మూడు తీసేద్దాం."

"జర ఆగుండ్రి సార్. వచ్చే వారం మాట్లాడుకుందాం."

ఇంకోసారి అయితే వినోద గంటసేపు వాదించేది. ఇప్పుడు ఆమెకు ఆ ఓపిక లేదు. మనసంతా ఇంటి దగ్గర ఉంది.

వినోద అద్దెకుండేది గంగుబాయి ఇంటి ముందరి అర్రలో. గంగుబాయి కోడలు జ్యోతిరాణికి నెలలు నిండాయి. రెండేళ్ళ కింద కూడా ఇట్లాగే నిండాయి. అప్పుడు వానాకాలం. ఊరి నుంచి జైనూర్‌కు పోయే తారు రోడ్డు గుట్టను తప్పించడానికి చేన్లన్నీ చుట్టి, వాగును ఒకసారి అటు, ఒకసారి ఇటు దాటి పోతుంది. రెండోసారి దాటే చోట ఉన్నది లోవంతెన. చినుకు పడితే చాలు, నీళ్ళు దాని మీంచే పోతాయి. మొగుడు హనుమంతు ఆమెను ట్రాక్టర్ డబ్బాలో పండుకోబెట్టి ఆ వంతెన దాకా తీసుకుపోయాడు. నీళ్ళు తగ్గుతాయని అక్కడ నిలబడ్డారు. నీళ్ళు తగ్గలేదు. బిడ్డ అక్కడే, ట్రాక్టర్ డబ్బాలోనే పుట్టింది, ఏడవలేదు.

ఈసారి ముందే వచ్చి ఉండమని దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. మంగళవారం మంచిదని, ఆ రోజు జైనూర్‌లో చుట్టాలింటికి పోవాలని అనుకున్నారు. కానీ ఆ వంతెన పేరెత్తితేనే జ్యోతిరాణి లేచి లోపలికి పోయేది. సాయంత్రాలు వినోద పక్కన కూర్చుని ఫోన్‌లో నక్షలు చూడడం ఆమెకు అలవాటైంది. ఒకరోజు నిజాం కాలపు నక్ష మీద వేలు పెట్టి అడిగింది.

"గీ రెండు గీతలేంది మేడం?"

"బండ్లబాట. అప్పట్ల జైనూర్‌కు సీదా పోయేదట, వాగు జోలికి పోకుండ. ఈ గుండ్రంది బావి."

జ్యోతిరాణి ఊరి మీద ఒక వేలు, జైనూర్ మీద ఒక వేలు పెట్టి చూసుకుంది. "గింతేనా?"

"గింతే. ఇప్పుడు గుట్ట దాని నడుమల పండుకున్నది గదా. అటు ముక్క ఎడ్లబండ్లకు, ఇటు ముక్క మేకలకు మిగిలింది."

"మన నసీబు," అని జ్యోతిరాణి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఆ వారమంతా ముసురు. ఆదివారం కాస్త తెరిపిచ్చింది. వినోద ట్యాంకు మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, గుట్ట మీది మేకలన్నీ వరసగా కిందికి దిగి వచ్చాయి. వాటి వెనక చిన్న రాళ్ళు, తర్వాత పెద్ద రాళ్ళు. ఆపైన బర్రె లేచినట్టే గుట్ట మొదట వెనక భాగం లేపింది, కాసేపు అట్లాగే ఆగింది, తర్వాత ముందు భాగం లేపింది. మీదున్న సీతాఫలం చెట్లు ఒక్కసారి ఊగి సర్దుకున్నాయి.

"మేకలన్ని దిగినయా?" అని ఎవరో అడిగారు.

"దిగినయి. ఒక్క పోతు దిగలే," అన్నాడు మేకల రాములు. "దానిష్టం. గుట్టతోనే పోతది, గుట్టతోనే వస్తది."

జనం అరుగుల మీద నిలబడి చూశారు. గుట్టకు తొందరేం లేదు. చేన్లు తొక్కకుండా, ఒడ్డు పట్టుకుని, వాగు దిక్కు పోయింది. పోతూ పోతూ తారు రోడ్డు ఎక్కింది. లోవంతెన దగ్గర ఒకసారి ఒళ్ళు విదిలించి, రోడ్డుకూ వంతెనకూ అడ్డంగా పండుకుంది.

ఈ సంగతి ఇంటికి చేరేసరికి జ్యోతిరాణి గడప పట్టుకుని నిలబడి ఉంది. నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

"మల్ల నా తొవ్వకే అడ్డం పడ్డది అత్తా," అన్నది. "గీ బిడ్డను గూడ దక్కనియ్యది." అంతే, గడప మీదనే కూలబడి ఏడ్చింది. గంగుబాయి ఆమె తలను పొట్టకు హత్తుకుంది.

అప్పుడే వినోద చేతిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఆగకుండా మోగింది. గుట్ట జరిగేసరికి ఊరంతటికీ సిగ్నల్ వచ్చేసింది, వాకిట్లో నిలబడితేనే గీతలు నిండుగా ఉన్నాయి. వినోద మొదట అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. అది బయలుదేరిందన్నాక, వచ్చిన మెసేజీలు చూసింది. అన్నిటికన్నా పైన రాజేశం సారుది ఉంది. "ఇప్పలగూడవి మూడు తీసేసిన మేడం. లైబ్రరీ అద్దం లెక్క అయ్యింది."

కాసేపటికి అంబులెన్స్ డ్రైవర్ నాగరాజు ఫోన్ చేశాడు. "మేడం, రోడ్డు మీద గుట్ట పండుకున్నది. లోవంతెన కనవడ్తనే లేదు."

గంగుబాయి ఫోన్ లాక్కుంది. "ఎటు మొకం పెట్టి పండుకున్నది?"

"దాని మొకమేదో నాకెట్ల తెలుస్తదవ్వా. నేను నిర్మల్ పిలగాన్ని."

"వంతెనకు నువ్వున్న దిక్కే, నీ ఎడమ చెయ్యికి ఒక బండ్లబాట ఉంటది," అని వినోద ఫోన్ తీసుకుని చెప్పింది. "అదే పట్టుకోని రా అన్నా. గుట్ట లేచిన జాగ కాడ మేం నిలబడ్తం."

ట్రాక్టర్ డబ్బాలో పరుపు వేసి జ్యోతిరాణిని పండుకోబెట్టారు. హనుమంతు గడ్డపార కూడా వేసుకున్నాడు, ఎందుకో అతనికే తెలియదు. బడి వెనక గుట్ట లేచిపోయిన చోట ఎర్రమన్ను బయలు పరుచుకుని ఉంది. ఇన్నేళ్ళూ ఎండా వానా ఎరగని మన్ను, అప్పుడే అలికినట్టు నున్నగా ఉంది. అవతలి అంచున అంబులెన్స్ వచ్చి ఆగింది. మధ్యన మహా అయితే రెండు చేన్ల వెడల్పు. నాగరాజు దిగి చేతులూపాడు. రమ్మంటే వచ్చేటట్టున్నాడు.

"ఆగు," అని వినోద అరిచింది. "ఆడ బావి ఉన్నది."

బావి ఉందని ఆమెకు గుర్తుంది. బాటకు ఏ పక్కన ఉందో గుర్తు లేదు. నోటి మీద వదులు మన్ను కప్పుకుని అది కూడా మిగతా బయలులాగే కనిపిస్తోంది. నక్ష చూద్దామంటే లైబ్రరీలో లేదు; ఇన్నాళ్ళూ ఆమె ఫోన్‌లో ఉన్న నకలు కూడా సిగ్నల్ రాగానే లైబ్రరీతో పాటే మారి చెరిగిపోయింది. వినోద రాజేశానికి ఫోన్ చేసింది. అవతల బ్యాండుమేళం మోత. ఆయన కరీంనగర్‌లో ఎవరిదో పెండ్లిలో పంక్తిలో కూర్చున్నాడు.

"సార్, నిజాం నక్ష కావాలె. ఇప్పుడే."

"అది పాతది గదా మేడం, తీసేసిన—"

"గుట్ట లేచింది సార్. పాత బాట మీదికెల్లి గర్భిణిని తీసుకపోవాలె. బావి ఏ దిక్కున్నదో చెప్పుండ్రి."

కుర్చీ జరిగిన చప్పుడు. "ఆగు బిడ్డా, చెయ్యికి కూర ఉన్నది," అన్నాడు రాజేశం. మేడం అనడం కూడా మరిచిపోయాడు. ఎడమ చేత్తో ఫోన్‌లోని చెత్తబుట్ట తెరిచి, తను పారేసినవన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. ఇక్కడ జ్యోతిరాణి పళ్ళు బిగబట్టి గంగుబాయి చెయ్యి నలిపేస్తోంది.

"దొరికింది," అన్నాడు చివరికి. "జైనూర్ దిక్కుకెల్లి వస్తుంటే బావి ఎడమ చెయ్యికి ఉన్నది. బాట దానికి కుడి పక్క. బాట మీద అడ్డం గీతలున్నయి, రాళ్ళు పరిచినట్టున్నరు. రాయి తగిలేకాడ బాట, తగలనికాడ కాలు పెట్టకుండ్రి."

హనుమంతు గడ్డపారతో పొడుచుకుంటూ ముందు నడిచాడు. రాయి ఖంగుమంది. ఇంకో అడుగు, మళ్ళీ ఖంగుమంది. పక్కకు ఒకచోట పొడిస్తే గడ్డపార పట్టుకున్న చెయ్యి దాకా దిగిపోయింది. చప్పున లాక్కుని, అక్కడ తన తువ్వాలను ఒక కట్టెకు కట్టి పాతాడు. రాయి వెంట రాయి పట్టుకుని అవతలి అంచుకు చేరాడు. అతని అడుగుల మీదనే నాగరాజు బండిని నెమ్మదిగా నడుపుకుని వచ్చాడు. జ్యోతిరాణిని ఎక్కించుకుని, అదే దారిన వెనక్కి తిప్పాడు.

తారు రోడ్డున అయితే మంచి ఎండల్లోనే గంట పట్టే దూరం. చెమట ఆరకముందే దవాఖాన గేటు వచ్చేసింది. "అప్పుడే వచ్చినమా?" అని గంగుబాయి రెండుసార్లు అడిగింది.

ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉండెనని, జల్ది తెచ్చి మంచి పని చేశారని చెప్పి నర్సమ్మ మళ్ళీ లోపలికి పోయింది. గంగుబాయి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. హనుమంతు బయటికి పోయి, వేపచెట్టు కింద ఎవరికీ కనబడకుండా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాడు. వినోదకు ఆకలి అప్పుడు తెలిసింది. ఆకలితో పాటు, రాజేశం సారు ఫోన్ దగ్గరే కూర్చుని ఉంటాడని కూడా తట్టింది.

ఒక్క రింగుకే ఎత్తాడు. హలో కూడా అనలేదు.

"ఏడ్చిందా?"

"ఏడుస్తనే ఉన్నది సార్. ఇనుండ్రి." వినోద ఫోన్‌ను తలుపు దిక్కు పెట్టింది.

ఆయన చాలాసేపు విన్నాడు. పెండ్లి పంక్తి లేచిపోయింది, ఆయన విస్తరిలో బువ్వ ఎండిపోయింది. "నాది తప్పే మేడం," అన్నాడు. "మూడు నక్షలు మల్ల లోపట పెట్టిన. ఇంకో జాగ గూడ ఖాళీగ ఉంచిన. ఇయ్యాల్టిది మీరు గీసి పంపాలె గదా."

నాలుగో రోజు పొద్దున ఎండ బాగా కాసింది. నాగరాజు తన వంతు కాకపోయినా ఎవరితోనో మాట్లాడుకుని, తల్లీబిడ్డల్ని దించే పని తనే తీసుకున్నాడు. తారు రోడ్డు వదిలి బండ్లబాట ఎక్కే మలుపు దగ్గర జ్యోతిరాణి బండి ఆపమన్నది. దిగలేదు. కిటికీ అద్దం దించి చూసింది. వాగు మీద గుట్ట పండుకుని ఉంది. దాని మీద నల్లటి మేకపోతు సీతాఫలం ఆకులు తింటోంది.

"మొక్కుకుంటవా బిడ్డా?" అన్నది గంగుబాయి.

"లేదత్తా. ఉత్తగనే చూస్తున్న."

రెండేళ్ళుగా ఆ దిక్కు తల తిప్పని మనిషి తీరికగా, కడుపునిండా చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు. భయం కోసం లోపల వెతుక్కుంది, అదీ దొరకలేదు. ఒళ్ళో పిల్ల కదిలి, నోరు తెరిచి, రాగం అందుకుంది.

"ఆకలైతున్నట్టున్నది, ఈడ్నే పాలియ్యి," అన్నది గంగుబాయి. "తొవ్వల ఏడుస్తది."

"పోనియ్యి అన్నా," అన్నది జ్యోతిరాణి నాగరాజుతో. "ఇంటికి పోయినంక ఇస్త. ఇల్లు గీన్నే ఉన్నది."