ఒక గంట తేడా

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. గుండ్రటి నికెల్ ఒళ్ళు, తెల్లటి ముఖం, నెత్తి మీద ఒక బొడిపె. బొడిపె నొక్కితే పరుగెత్తుతాను. మళ్ళీ నొక్కితే ఆగుతాను. మూడోసారి నొక్కితే జరిగినదంతా మరిచిపోయి సున్నా దగ్గరికి వచ్చి బుద్ధిగా నిలబడతాను.

నా పెద్దముల్లు సెకన్లు చూసుకుంటుంది. లోపలి చిన్న చక్రంలో ఉన్న బుల్లిముల్లు నిమిషాలు చూసుకుంటుంది, అదీ ముప్పై దాకానే. ముప్పై అయ్యాక మళ్ళీ మొదటినుంచి. గంటలు నాకు తెలియవు. నన్ను చేసినవాళ్ళు ఆ లెక్క మనుషులకు వదిలేశారు. వాళ్ళకు గడియారాల గురించి తెలిసినంతగా మనుషుల గురించి తెలియదనుకుంటాను.

ఎక్కడో చలిదేశంలో, కంటికి భూతద్దం బిగించుకున్న ఒకావిడ వెంట్రుకంత స్ప్రింగును నా కడుపులో అమర్చింది. ఆ తర్వాత ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. ఆటవస్తువుల దుకాణం అద్దాల వెనక, క్యారమ్ బోర్డుకీ ఫుట్‌బాల్ బ్లాడరుకీ మధ్య మూడేళ్ళు పడున్నాను. చివరికి సామ్యూల్ మాస్టారు కొన్నాడు. ఓడలకు మరమ్మతులు చేసే ఒక కంపెనీలో ఆయన ఆటల మాస్టారు. పగలు నాతో కుర్రాళ్ళ పరుగు కొలిచేవాడు, పొద్దున్నే కోడిగుడ్డు ఉడికే వేళ కొలిచేవాడు. గుడ్డును మెచ్చుకున్న రోజులున్నాయిగాని, మనిషిని మెచ్చుకోగా నేను చూడలేదు. ఎంత తొందరగా పరిగెత్తినవాడికైనా ఒకటే మాట: "ఇంకా తగ్గాలి."

ఆ కంపెనీలో వెల్డింగు పని చేసే ఎర్రునాయుడు పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో మారథాన్ పరిగెత్తాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళయి ఎనిమిది నెలలు. సముద్రం ఒడ్డునే ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్ళి వెనక్కి రావాలి. నలభై రెండు కిలోమీటర్లు, కాళ్ళకు కాన్వాసు బూట్లు. మాస్టారు నన్ను చేత్తో పట్టుకుని గమ్యం దగ్గర నిలబడ్డాడు. నా బుల్లిముల్లు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పక్కనున్న గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు. నాయుడు వచ్చేసరికి గోడ మీద ఏడు గీతలు, నా ముఖం మీద పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. అంటే మూడు గంటల నలభై ఒక్క నిమిషాలు. నలభై ముగ్గురిలో పంతొమ్మిదోవాడు. మజ్జిగ చెంబుతో ఎండలో నిలబడ్డ అతని భార్య పైడితల్లి ఆ గీతల్ని వేలితో లెక్కపెట్టుకుంది.

"ఇంకా తగ్గాలి," అన్నాడు మాస్టారు. ఆ నెలలోనే రిటైరయ్యాడు. పోతూ పోతూ నన్ను నాయుడు చేతిలో పెట్టాడు.

ఆ మాట చివరికి నిజమయింది, ఒక్క అడుగు కూడా వేయకుండానే. కంపెనీ పత్రికలో నాయుడి ఫొటో కింద "రెండు గంటల నలభై ఒక్క నిమిషాలు" అని అచ్చయింది. ఎక్కడో ఒక గంట జారిపోయింది. నాయుడు మంచివాడే. తప్పు దిద్దించాలని నన్ను జేబులో వేసుకుని ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాడు. ఎప్పుడూ తలెత్తి చూడని గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడి, "రండి, రండి, ఎర్రునాయుడు గారూ!" అన్నాడు. కంపెనీలో అతన్ని గారూ అని పిలిచినవాళ్ళు అప్పటిదాకా లేరు. నాయుడు కూర్చున్నాడు, టీ తాగాడు, వచ్చేశాడు.

అక్కడితో పరుగు కూడా ఆగిపోయింది. ఓవర్‌టైములు, ఇద్దరు కూతుళ్ళు, నడుంనొప్పి. పైగా పరిగెత్తేవాడికి ఎప్పటికైనా నిజం బయటపడే ప్రమాదం ఉంటుంది. మాట్లాడేవాడికి ఆ బెడద లేదు. ముప్పై నాలుగేళ్ళు నన్ను సున్నాకు రానివ్వలేదు. ఇంటికి ఎవరొచ్చినా బీరువాలోంచి తీసి చూపించేవాడు: "సూడండి, పదకొండు నిముషాల ఇరవై సెకన్లు. అలగే ఉంచీసినాను." చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. రెండు గంటలైనా, మూడు గంటలైనా నా బుల్లిముల్లు అక్కడే నిలుస్తుందని ఒక్కరికీ తట్టలేదు. మనుషులు ముల్లు చూసి గంట నమ్మేస్తారు. ఆ సమయంలో పైడితల్లి మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేది. ఆ ఇంట్లో నిజం మాట్లాడేవి ఆ గిన్నెలొక్కటే.

రిటైరయ్యాక నాయుడు నన్ను మెడలో వేసుకుని బీచిరోడ్డు వాకర్స్ సంఘంలో చేరాడు. అలాంటి మనుషుల్ని నేను అంతకుముందు చూడలేదు. నాలుగడుగులు నడిచి ఎన్ని అడుగులు నడిచామో చూసుకుంటారు. రాత్రి నిద్ర పట్టిందో లేదో పొద్దున్నే చేతిగడియారాన్ని అడిగి తెలుసుకుంటారు. రెండు కిలోమీటర్లు నడిచి, ఆ పుణ్యం ఒంట్లో ఎక్కువసేపు నిలవకుండా నాలుగు ఇడ్లీలు, రెండు గారెలు లాగిస్తారు. సంఘానికి అధ్యక్షుడు కామరాజు, రిటైరైన బ్యాంకు మేనేజరు. ఆయన నడవగా చూసినవాళ్ళు లేరు. మైకు దగ్గరికి మాత్రం పరిగెత్తేవాడు.

రెండు వేల ఇరవై రెండులో సంఘం మారథాన్ పెట్టింది. ఒక పొద్దున్న నాయుడు బీచికి వెళ్ళేసరికి మూడు నిలువుల ఫ్లెక్సీ వేలాడుతోంది. "2 గంటల 41 నిమిషాల వీరుడు మళ్ళీ బరిలోకి!" ముఖం నాయుడిదే. మెడ కిందనుంచి ఒళ్ళు మాత్రం ఇంకెవరిదో, కండలు తిరిగి ఉంది.

"నన్ను ఒక్కమాట అడగనేదేటండీ?" అన్నాడు నాయుడు నీరసంగా.

"అడిగితే వద్దంటారు. మీ వినయం నాకు తెలీదూ?" అన్నాడు కామరాజు. "వయసు పైబడింది కాబట్టి మూడున్నర గంటల్లో వచ్చేయండి చాలు. పేపరువాళ్ళకు చెప్పేశాను."

నాయుడు వద్దనలేదు. అరవై రెండేళ్ళ మోకాళ్ళు వద్దంటున్నాయి, డాక్టరు వద్దన్నాడు, ఆ ఒళ్ళు తనది కాదని ఫ్లెక్సీకే తెలుసు. అయినా పక్కనున్న పదిమంది చప్పట్లు కొట్టారు. చప్పట్ల ముందు ఈ జాతికి మోకాళ్ళు గుర్తుండవు.

నాలుగు నెలలు సాధన చేశాడు. మొదటి వారం పాల ప్యాకెట్ల సైకిలు అతన్ని దాటిపోయింది. రెండో వారం కర్ర పట్టుకున్న ముసలాయన దాటిపోయాడు. మూడో నెలలో మాత్రం ఒకటి జరిగింది. ఒకరోజు పద్దెనిమిది కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళి, జోడుగుళ్ళపాలెం దగ్గర వలలు ఆరేసినచోట కూర్చుని రొప్పుతూ, ఎవరూ చూడకుండా తనలో తను నవ్వుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా అతని ముఖం మీద నేను చూడని నవ్వు అది. పరుగంటే ఇష్టమన్న సంగతి, దాని గురించి మాట్లాడీ మాట్లాడీ, మరిచిపోయినట్టున్నాడు.

పందెం ముందురోజు సాయంత్రం పైడితల్లి చింతగింజలు తెచ్చి అతని ఎడమజేబులో పోసింది.

"ఏటివి?"

"ఇరవై ఉన్నాయి. అరగంటకో గింజ కుడిజేబులో ఎయ్యి. గంటలు నువ్వు లెక్కెట్టకు మావా, నీకా లెక్క రాదు."

ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఆ విషయం ఎత్తడం అదే మొదలు. నాయుడు తల దించుకున్నాడు. జేబు తడుముకుని, "ఇరవయ్యా? పది గంటలేటే?" అన్నాడు.

"మిగిల్తే మిగుల్తాయి."

తెల్లవారి అయిదు గంటలకు గీత దగ్గర నిలబడి, నాయుడు నన్ను పైకి తీసి, బొడిపె తిప్పి కీ ఇచ్చాడు. పదకొండు నిమిషాల ఇరవై సెకన్లను ఒకసారి చూశాడు. మూడోసారి నొక్కాల్సిన ఆ నొక్కు ఇన్నేళ్ళకు నొక్కాడు. సున్నా దగ్గరికి ఎగిరి పడ్డాను. ఆ వెంటనే ఈల వేశారు, అతను మళ్ళీ నొక్కాడు.

రుషికొండ దాకా బాగానే వెళ్ళాడు, బాగా అంటే అవసరానికి మించి. ఫ్లెక్సీలో ఒళ్ళు తనదేననుకున్నాడు పాపం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వెనక్కి తిరిగేసరికి అయిదు గింజలు కుడిజేబులోకి చేరాయి. మంగమారిపేట దగ్గర ఎడమపిక్క ముడేసుకుంది. తొట్లకొండ కింద నడక మొదలుపెట్టాడు. రుషికొండ ఎత్తు ఎక్కుతుంటే ఎండ నెత్తికి తగిలి, నడక కూడా ఆగింది. రోడ్డు పక్క రాయి మీద చెయ్యి ఆనించి వంగి నిలబడ్డాడు. చెమట బొట్లు నా అద్దం మీద పడుతున్నాయి.

అప్పుడు ఒక తెల్లకారు వచ్చి ఆగింది. అద్దం దింపి కామరాజు తల బయట పెట్టాడు.

"ఏంటి నాయుడు గారూ, ఇంకా ఇక్కడే ఉన్నారా? పేపరువాళ్ళు కాసుక్కూర్చున్నారు. ఎక్కండి."

"ఎక్కడికండీ?"

"చివరి మలుపులో దింపేస్తాను. ముఖం మీద నాలుగు నీళ్ళు చల్లుకుని పరిగెత్తుకుంటూ వచ్చేయండి. ఎవడికి తెలుస్తుంది?"

కారు తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి చల్లగాలి. నాయుడు తలుపు పట్టుకున్నాడు. ఒక కాలు లోపల పెట్టాడు కూడా. నేను అతని మెడలో తాడుకు వేలాడుతూ, ఆ చల్లదనం తగిలి, మేనేజరుగారి కారులో దర్జాగా వెళ్తామనే అనుకున్నాను. ఇన్నేళ్ళ పరిచయం నాది.

నాయుడు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఒకసారి ఇలగే ఎక్కీసినానండి," అన్నాడు. "అప్పటేలనుంచి దిగనేకపోతన్నాను."

"ఏ కారు?"

"కారు కాదండి. ఆ రెండు గంటల నలభై ఒకటి నాది కాదు. నాది మూడు నలభై ఒకటి. అచ్చులో తప్పడింది, నాను నోరు మూసుకున్నాను."

కామరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. మనసు కష్టపెట్టుకుంటాడనుకున్నాను. "ఫ్లెక్సీలు కట్టేశాం కదండీ," అన్నాడు. "ఇప్పుడెలా?" అని అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయాడు.

నాయుడు మిగిలిన దూరం కుంటాడు, నడిచాడు, తాగునీళ్ళ డ్రమ్ము కనిపించిన ప్రతిచోటా నెత్తి తడుపుకున్నాడు. సాగర్ నగర్ దగ్గర ఎవరో ఆడపిల్ల బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. తెన్నేటి పార్కు దాటాక ఇక నడవనన్నాడు. పరిగెత్తాడు. దాన్ని పరుగు అనడానికి చూసేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. కొలిచేదాన్ని నేను, నేను ఒప్పుకుంటున్నాను.

గమ్యం దగ్గర గాలి ఊదిన తోరణంలోంచి గాలి తీసేసి నలుగురు దాన్ని చాపలా చుడుతున్నారు. పేపరువాళ్ళు లేరు. పతకాల పెట్టె వెళ్ళిపోయింది. రోడ్డు ఊడ్చే ఆవిడ చీపురు ఆపి దారి ఇచ్చింది. ఫ్లెక్సీ కింద నీడలో పైడితల్లి ఒక్కతే కూర్చుని ఉంది. అతను గీత దాటి నన్ను నొక్కి, అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు.

ఆమె వచ్చి, ముందు మజ్జిగ ఇచ్చింది. తర్వాత కుడిజేబులో చెయ్యి పెట్టి గింజలు తీసి లెక్కపెట్టింది. పన్నెండు. నన్ను తిప్పి చూసింది. ఇరవై నాలుగు నిమిషాలు.

"ఆరు గంటల ఇరవై నాలుగు," అంది. "ఎనిమిది గింజలు మిగిల్సినావు. బాగానే పరిగెట్టినావు మావా."

నాయుడికి ఎవరూ కప్పని శాలువా అది. తలకాయ ఆమె మోకాలికి ఆనించాడు.

అసలు శాలువా తర్వాతి ఆదివారం కప్పారు. సభలో నాయుడు మైకు పట్టుకుని నిజం చెప్పాడు. రెండు నలభై ఒకటి తనది కాదన్నాడు, మూడు నలభై ఒకటే తనదన్నాడు, ఇప్పుడైతే ఆరు ఇరవై నాలుగన్నాడు. సభ చప్పబడింది. చక్కెర లేని కాఫీ తాగినట్టు ముఖాలు పెట్టారు. కామరాజు చటుక్కున మైకు అందుకున్నాడు.

"చూశారా, ఎంత నిగర్వో! తన ఘనతని తానే ఒక గంట తగ్గించుకుని చెబుతున్న మహానుభావుడు!"

చప్పట్లు మోగిపోయాయి. "కాదండీ, నిజింగానే..." అని నాయుడు నోరు తెరిచేలోగా శాలువా మీద పడి నోరు కప్పేసింది. అబద్ధం చెప్పినప్పుడు వీరుడన్నారు, నిజం చెబితే మహానుభావుడన్నారు. ఆ మనిషికి మామూలుగా ఉండే అవకాశమే ఇవ్వలేదు.

నన్ను సంఘానికి ఇమ్మని అడిగి పుచ్చుకున్నారు. ఇప్పుడు సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా ముందు అచ్చుచీటీ ఒకటి నిలబెట్టారు: "రెండు గంటల నలభై ఒక్క నిమిషాల చారిత్రక పరుగును కొలిచిన గడియారం." నాయుడు వచ్చినప్పుడల్లా బీరువా తెరిచి, రెండు కొట్టేసి పెన్నుతో మూడు రాసి పోతాడు. మర్నాటికి కొత్త చీటీ వస్తుంది.

ఈ ఏడు పందెం ఆఫీసు కిటికీ ముందునుంచే మొదలయింది. పాత రికార్డును బట్టి వరసలు కేటాయించారు. నాయుడికి అందరికంటే ముందు వరస నెంబరు ఇచ్చారు. ఆ వరసలో కుర్రాళ్ళు గిట్టలు తట్టే గుర్రాల్లా నిలబడ్డారు. నాయుడు వాళ్ళ మధ్యనుంచి వెనక్కి తిరిగి, "జరగండి బాబూ, నాను ఎనకాల," అంటూ జనాన్ని తోసుకుని చిట్టచివరి వరసకు వెళ్ళాడు. అక్కడ చీరకుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, కొత్త బూట్ల తాడు కట్టుకోవడం రాక, పైడితల్లి వంగి అవస్థ పడుతోంది. నాయుడు కూర్చుని తాడు కట్టాడు.

ఈల వేశారు. ముందు వరస మాయమైంది. చివరి వరస గీత దగ్గరికి చేరడానికి చాలాసేపు పట్టింది. ఎంతసేపో నాకు తెలియదు. నన్ను ఎవరూ నొక్కలేదు.